మూడో మెట్టు

మా మ్యూజియం పదేళ్ళ పండుగకు అచ్చువేసిన సంచిక నిన్న పొద్దున్న నా బల్ల మీదికి వచ్చింది. అట్ట మీద మా మెట్ల ఫొటో. లోపల ఒక పేరా. చదువు లేని ఒక బీద ముసలమ్మ ప్రతి అమావాస్యకీ బరంపురం పక్కనున్న అంకులి నుంచి నడిచివచ్చి మ్యూజియం మెట్లు కడిగి వెళ్ళేదట. చరిత్ర అంటే పామరులకు కూడా ఎంత భక్తి ఉంటుందో చెప్పడానికి ఇంతకన్నా తార్కాణం అక్కర్లేదట. ఆ పేరా రాసిన కుర్రవాడి మీద నాకు కోపం లేదు. ఆ మాట అతనికి ఎక్కడ దొరికిందో నాకు తెలుసు. కొన్నేళ్ళ కిందట పైవాళ్ళకు పంపిన ఒక నివేదికలో దొరికింది. ఆ నివేదికలో దస్తూరీ నాది.

ఆవిడ మొన్న మాఘమాసంలో పోయింది. అమావాస్య దాటినా మూడో మెట్టు మీద దుమ్ము దుమ్ముగానే ఉండిపోయింది. అది చూసి మా కాపలావాడు, “ముసల్ది రాలేదు బాబూ, పోయిందేమో” అన్నాడు. అలా తెలిసింది నాకు. కనుక్కుంటే నిజమే.

ఆవిడ మెట్లు కడగలేదు. ఒక్కనాడూ కడగలేదు. ఆవిడ చేసిన పనేమిటో, దానికి కారకులెవరో తెలిసినవాళ్ళలో ఇద్దరు పెద్దమనుషులు పోయారు. మిగిలింది నేను. నాకు యాభై దగ్గర పడుతోంది. ఇంకా అదే మ్యూజియంలో జీతం తీసుకుంటున్నాను. ఇది అచ్చయ్యాక ఆ జీతం ఉంటుందో లేదో చూడాలి.

ఆవిడ అని రాస్తున్నాను. ఆ రోజుల్లో అనలేదు. “అది”, “ఉప్పుది” అనేవాడిని. ఊళ్ళో చాలామంది ఆవిడను ఉప్పుమావుసి అని పిలిచేవారు. పిన్నమ్మను ఒడియావాళ్ళు మావుసీ అంటారు కదా, దానికి మన ఉప్పు కలిసింది. అసలు పేరు నాకు తెలుసు. రాయను. తన పేరు ఎవరైనా రాయాలని ఆవిడ ఎప్పుడూ అడగలేదు. రాయమన్న పేరు వేరే ఉంది.

మనిషి పొట్టి. ఎదురుగా వస్తుంటే గంపే నడిచి వస్తున్నట్టు ఉండేది. హుమ్మ ఉప్పుమళ్ళ నుంచి బండ్ల మీద వచ్చే ఉప్పును అంకులిలో దింపించుకొని, బరంపురం వీధుల్లో తిరిగి అమ్మేది. ఉప్పో అని కేక వేసేది కాదు. గుమ్మం ముందు గంప దించి, కొబ్బరిచిప్పతో దాని అంచు మీద రెండుసార్లు కొట్టేది. ఆ చప్పుడు విని ఆడవాళ్ళు చేటలు పట్టుకొని వచ్చేవారు. దీపాలు పెట్టే వేళయిందంటే గంప మీద గోనె కప్పేసేది. ఆ తరువాత ఎవరు బతిమాలినా చిటికెడు ఉప్పు అమ్మేది కాదు.

చుట్ట మండే కొస నోట్లోకి పెట్టుకొని అడ్డపొగ తాగేది. మా సముద్రపు ఒడ్డు ఆడవాళ్ళకు అది మామూలే. కానీ నోట్లో నిప్పు ఉండగానే బేరమాడడం, నవ్వడం, తిట్టడం ఆవిడకే చెల్లింది. “నోరు కాలదూ?” అని మా ఇంటావిడ ఒకసారి అడిగింది.

“అత్తోరింట్లో కాలినంత కాల్దమ్మా” అంది ఆవిడ. అని, నవ్వితే చుట్ట పడిపోతుందని పెదవులు బిగబట్టుకొని భుజాలతో నవ్వింది.

ఒక అలవాటు చెప్పాలి. ఉప్పు చేతి నుంచి చేతికి ఇవ్వరు, ఇస్తే ఇద్దరికీ తగువొస్తుందంటారు. ఉప్పు అమ్మి అమ్మి ఆవిడకు అది అన్నిటికీ పాకింది. ఏ వస్తువూ చేతి నుంచి తీసుకునేది కాదు. మంచినీళ్ళ చెంబు ఇచ్చినా, తమలపాకు ఇచ్చినా, పిలక ఊడిపోయిన కొబ్బరికాయ ఇచ్చినా ఒకటే మాట. “కింద ఎట్టు.” కింద పెట్టి మనం చెయ్యి వెనక్కి తీసుకున్నాక వంగి తీసుకునేది. తను ఇచ్చినా అంతే. కింద పెట్టి, ఒక అడుగు వెనక్కి వేసి, మన మొహం చూసేది. తీసుకుంటే మన ఇష్టం, మానితే మన ఇష్టం అన్నట్టు.

పుట్టిన ఊరు, మెట్టిన ఊరు రెండూ సోనేపూర్. చేపల వేట మీద బతికే ఊరు. పెళ్ళయిన నాలుగో ఏడు ఆవిడ భర్త గోపాలపురంలో స్టీమరెక్కి రంగూను వెళ్ళాడు. రంగూన్ని మా వైపు రంగం అంటారు. అక్కడ రేవులో బియ్యం బస్తాలు మోసేవాడు. రెండు మూడేళ్ళకొకసారి వచ్చి నాలుగు నెలలుండి వెళ్ళేవాడు. పిల్లలు లేరు. యుద్ధంలో రంగం మీద బాంబులు పడ్డాక అతను రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. ఆవిడ బొట్టు పెట్టుకుంటూనే ఉంది. ఊరి నుంచి వచ్చి అంకులిలో చెల్లెలి కూతురి పంచన ఉంటూ ఉప్పుగంప ఎత్తుకుంది.

అంకులిలోనే ఎందుకంటే స్మారకం అక్కడుంది కాబట్టి.

బాంబుల తరువాత కాలినడకన అడవులు దాటి, పడుతూ లేస్తూ కలకత్తా చేరి, అక్కడ రైలెక్కి వచ్చిన మనవాళ్ళకు గంజి పొయ్యడానికి అంకులి దాటాక రోడ్డు పక్కన ఒక పాక వేశారు. ఆ పాకలో గంజి గొంతు దిగకుండానే పోయినవాళ్ళున్నారు. యుద్ధం అయిపోయాక పాక చోట ఒక సున్నపు దిమ్మ కట్టి, పలక పెట్టి, రంగం దారిలో పోయినవారి స్మారకం అన్నారు. అంతవరకు ఊరి పెద్దలు చేసిన మంచిపనే.

ఆ దిమ్మ చుట్టూ రాళ్ళు చేరాయి. మనిషి పోతే కర్మలో ఒక రాయిని ప్రతిష్ఠించి, దానికే పది రోజులు నీళ్ళు వదిలి, చివరికి ఆ రాయిని నీళ్ళలో విడిచిపెడతారు. రాయి నీళ్ళలో పడితేగాని పోయినవాడికి విడుదల లేదు. మరి పోయాడో ఉన్నాడో తెలియని వాడికేం చెయ్యాలి? సోనేపూర్‌లో కర్మలు చేయించే దాసుడు ఒక దారి చెప్పాడు. వెళ్ళినవాడు ముట్టిన రాయి ఒకటి ఇంట్లోంచి తీసుకెళ్ళి స్మారకం దగ్గర పెట్టండి. కబురు తెలిస్తే తెచ్చి సముద్రంలో వదలండి. మనిషే తిరిగొస్తే మీ చేత్తో తీసి అవతల పారెయ్యండి. ఇది ఏ శాస్త్రంలో ఉందో నాకు తెలియదు. కానీ నాలుగైదు ఊళ్ళవాళ్ళు దాన్ని పట్టుకున్నారు. వలలకు కట్టే చిల్లురాళ్ళు, గుమ్మం కింది రాళ్ళు, కత్తులు నూరుకునే రాళ్ళు. ఆవిడ పెట్టింది కారం నూరే పొత్రం విరిగితే అందులో సగం. “కూరలో ఉప్పెక్కువైందని ఇసిరి కొట్టీసినాడు బాబూ, రెండైపోనాది. ఆ కోపంతోనే స్టీమరెక్కీసినాడు” అని అందరికీ చెప్పి నవ్వేది. ఉప్పు అమ్మడం అందుకేనా అని ఎవరైనా అంటే మాత్రం నవ్వేది కాదు.

ఇక మా సంగతి. అప్పటికి కొత్త ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి పదేళ్ళు దాటాయి. కొత్త రాష్ట్రానికి తగినట్టు మన జిల్లాకొక మ్యూజియం ఉండాలని కొందరికి తోచింది. కమిటీ వేశారు. అధ్యక్షులు ఒక ఒడియా ప్లీడరుగారు. ఉపాధ్యక్షులు తరాల నుంచి బరంపురంలో ఉన్న ఒక తెలుగు షావుకారుగారు. రాతకోతలకు బడిపంతులునైన నేను. నా దస్తూరీ బాగుంటుందని పేరు.

స్మారకం స్థలమే మ్యూజియానికి బాగుంటుందన్నారు. రోడ్డు పక్క, ఎత్తుగా ఉంది, ఎవరిదీ కాదు. సోనేపూర్ వాళ్ళు, హుమ్మ వాళ్ళు వచ్చి కూడదన్నారు. కట్టుకోండి గాని మా రాళ్ళు కదపకండి అన్నారు. ఇదీ ఊళ్ళో గొడవ. కమిటీ లోపల గొడవ వేరు. బోర్డు మీద ఒడియా పైనుండాలా, తెలుగు పైనుండాలా? మూడు సమావేశాలు దాని మీదే జరిగాయి. ప్లీడరుగారు బల్ల గుద్దారు. షావుకారుగారు ఇటుక ఇవ్వనన్నారు. నేను రెండు వైపులా తలూపాను. రాళ్ళ సంగతి వచ్చేసరికి మాత్రం ఇద్దరూ అన్నదమ్ములైపోయారు.

“ఆ రాళ్ళగుట్ట ఉంటే చూడ్డానికొచ్చినోళ్ళు నవ్వరేటి మేస్టారూ?” అన్నారు షావుకారుగారు.

“న్యాయంగానే చేద్దాం. విచారణ పెడదాం. ఎవరి రాయి వాళ్ళు చెప్పి పట్టుకుపోతారు. చెప్పలేనివి కమిటీవి” అన్నారు ప్లీడరుగారు. ఆ మాట చెప్పి నా వైపు తిరిగి, “మ్యూజియానికి ఒక క్యూరేటరు కావాలి మాస్టారూ. రిపోర్టు శుభ్రంగా రాసేవాడు కావాలి” అన్నారు. నాకు అర్థమైంది. అర్థం కానట్టు నటించే అవసరం కూడా పడలేదు.

విచారణ రోజు, వేళ నేనే పెట్టాను. బడి సెలవు చూసుకున్నాను. ఆ వేళకు సోనేపూర్ మగవాళ్ళంతా పడవల మీద వేటలో ఉంటారని నాకు తట్టలేదని చెప్పుకుంటూ వచ్చాను ఇన్నాళ్ళూ. తట్టింది.

ముప్పై మందికి పైగా వచ్చారు. అందరూ ఆడవాళ్ళే. స్మారకం పక్క పాకలో బెంచీ వేసుకొని కూర్చున్నాం. నా ముందు కాగితం మీద గడులు. రాయి గుర్తు, ఎవరి పేరున పెట్టారు, తెచ్చినవారికి ఏమవుతారు.

మొదటి ఆవిడను భర్త పేరు అడిగాను. తల వంచుకొని, “ఏడుకొండలోడి పేరు బాబూ” అంది. రెండో ఆవిడ, “లంకకి నిప్పెట్టినాడు గదా, ఆ సామి” అంది. మన ఆడవాళ్ళు భర్త పేరు నోట పలకరు, మామగారి పేరు పెట్టిన కొడుకు పేరూ పలకరు. ఇది తెలియని వాడు తెలుగువాళ్ళలో గాని ఒడియావాళ్ళలో గాని ఎవడూ లేడు. ఆ నెలలోనే మా ఇంటికి రేషను కార్డు రాసుకోవడానికి వచ్చిన గుమస్తాకు నా పేరు చెప్పలేక మా ఇంటావిడ పక్కింటావిడను పిలిచింది. పైగా వీళ్ళ భర్తలు ఉన్నారో పోయారో తెలియని వాళ్ళు. పేరు పలికితే ఆయుష్షు తగ్గుతుందని భయం. పలికి ఆ కాస్త ఆశ కూడా తామే తెంచుకోవాలా?

వెనక నిలబడ్డ ఒకామె అందుకోబోయింది. “ఆడి పేరు ఎం...”

“ష్! అందించకూడదు!” అని ప్లీడరుగారు కోర్టులో సాక్షిని అదిలించినట్టు అదిలించారు. “ఎవరిది వాళ్ళే చెప్పాలి.”

ఆ తరువాత ఎవరూ అందించలేదు. ఉప్పుమావుసి వంతు వచ్చింది. చుట్ట తీసి చెవి మీద పెట్టుకొని నిలబడింది.

“భర్త పేరు?”

“సీకూర్మంలో కొలువున్న సామి పేరే మేస్టరుబాబూ.”

“స్వామి పేరు కాదు. నీ మొగుడి పేరు చెప్పు” అన్నారు ప్లీడరుగారు.

“అదే గదా బాబూ సెప్పేను. ఇంకెలా సెప్తారు?”

ప్లీడరుగారు నా వైపు వంగి, అందరికీ వినపడేలా అన్నారు. “చూశారా మాస్టారూ, ముక్కోటి దేవతలూ రంగం వెళ్ళి బస్తాలు మోశారన్నమాట!”

షావుకారుగారు పొట్ట పట్టుకొని నవ్వారు. నేనూ నవ్వాను. అందరికన్నా గట్టిగా నేనే నవ్వాను. అది బాగా గుర్తుంది.

ఆవిడ మా నవ్వు అయ్యేదాకా ఆగింది. “మోసినారు బాబూ” అంది. “మోసినారు గాబట్టే మీ ఇళ్ళల్లో కుండలు పొంగినాయి. రంగం బియ్యం మీ గుమ్మాల్లోకి నడిసొచ్చినాయేటి?”

షావుకారుగారు గొంతు సవరించుకున్నారు. ప్లీడరుగారు, “రాయండి మాస్టారూ” అన్నారు. నా కలం కింద ఖాళీ గడి ఉంది. శ్రీకూర్మంలో ఉన్న స్వామి ఎవరో నాకు తెలుసు. చిన్నప్పుడు మా నాన్నతో రెండుసార్లు వెళ్ళాను. గడిలో ‘తెలియదు’ అని రాశాను. అక్షరాలు ముత్యాల్లా వచ్చాయి. ఆ రోజు ముప్పై సార్లకు పైగా ‘తెలియదు’ అని రాశాను.

ఆవిడకు చదువు రాదు. కానీ నా చెయ్యి ఎంతసేపు కదిలిందో చూసింది. “అంత పేరుకి అంతేనేటి రాత?” అని అడిగింది. నేను తరువాతి మనిషిని పిలిచాను.

నెల తిరక్కుండా రాళ్ళన్నీ కమిటీ సొంతమయ్యాయి. చిల్లులున్న వాటిని వేరే తీయించారు. బయటి నుంచి వచ్చిన పండితుడొకాయన వాటిని తిప్పి తిప్పి చూసి చాలా పాతవన్నాడు. మిగతావి పునాదిలో పోయడానికి గుట్ట వేశారు.

పని మొదలైన రోజు కూలీల్లో ఆవిడ కనిపించింది. నెత్తిన ఉప్పుగంప స్థానంలో సున్నపు గంప. సున్నం తగిలి చేతులు పొక్కి ఉన్నాయి. “ఏమే, ఉప్పు మానేశావా?” అన్నాను.

“మా రాయి ఎటు పోతాదో సూడాల గదా బాబూ” అంది.

ఒక్క తన రాయే కాదు. పునాదులు, మెట్లు కట్టిన ఆ రెండు నెలలూ ఆవిడ ఆ చోటు వదల్లేదు. ఎవరి రాయి తూర్పు గోడ కిందకు పోయిందో, ఎవరిది వాకిట గచ్చులో పడిందో చూసుకుంటూ తిరిగింది. అన్నీ గుర్తుపెట్టుకొని వాళ్ళ వాళ్ళ ఊరికి కబురు చేసింది. నా దగ్గర రిజిస్టరు ఉండేది. అందులో ఉన్నవన్నీ అబద్ధాలు. అసలు రిజిస్టరు ఆవిడ తలలో ఉంది. తన పొత్రం మూడో మెట్టు ఎడమ కొసకు చేరిన రోజు మేస్త్రీ దగ్గర నిలబడి, “నున్నటి మొగం పైకెట్టు నాయనా, గరుకు పక్క కిందకెట్టు” అని చెప్పి పెట్టించుకుంది. మేస్త్రీ మంచివాడు. చెప్పినట్టే పెట్టి, పైన గచ్చు వేశాడు.

ప్రారంభం రోజు దండలు, ఉపన్యాసాలు జరిగాయి. బోర్డు మీద రెండు భాషలూ పక్కపక్కన సర్దుకున్నాయి. ఇద్దరు పెద్దలూ ఒకరినొకరు కావలించుకున్నారు. చూడ్డానికి వచ్చిన సోనేపూర్ ఆడవాళ్ళు వింతగా నడిచారు. మెట్లెక్కుతూ మూడోది తొక్కకుండా చీర ఎత్తుకొని అంగ వేశారు. వాకిట్లో ఒకచోట ఆగి పక్కకు తప్పుకున్నారు. తూర్పు గోడకు కాలు తగలకుండా ముడుచుకొని వెళ్ళారు. మా కాపలావాడు ఆ నడక అనుకరించి చూపిస్తుంటే అతిథులు నవ్వారు. అప్పటికి నేను క్యూరేటర్ని. కొత్త కోటు తొడుక్కొని ఉన్నాను.

అద్దాల బీరువాలో చిల్లురాళ్ళు పేర్చి, కింద చీటీ అంటించాను. ప్రాచీన మానవుడు వాడిన రాతి పనిముట్లు. అవి వలరాళ్ళని నాకు తెలుసు. చిల్లుల్లో ఇరుక్కున్న తాడు పోగులు బ్రష్షుతో తీసింది నేనే. ఎవరో ఆ చీటీ చదివి వినిపిస్తే ఉప్పుమావుసి అద్దానికి ముక్కు ఆనించి చూసింది.

“ఇది మా ఆడబడుసు మొగుడి రాయి బాబూ. పాతకాలం మనిసని రాసీసినారంటేటి? ఆడికి ముప్పయ్యేళ్ళు కూడా నేవు!”

అద్దం మీద మచ్చ పడుతుందని ఆవిడను దూరంగా జరగమన్నాను.

మరుసటి ఏడో, ఆ పై ఏడో, ఒక మధ్యాహ్నం వచ్చింది. నుదుటన బొట్టు లేదు. గంప లేదు. చుట్ట లేదు. నోరు ఖాళీగా ఉండడం మొదటిసారి చూశాను. మొహం ఇంకొకరి మొహంలా ఉంది.

“కబురొచ్చీసినాది బాబూ” అంది. అతనితోపాటు నడిచినవాడొకడు ఇన్నాళ్ళకు సోనేపూర్ చేరాడు. కొండదారిలో జ్వరంతో పడిపోతే మూడు రోజులు మోసి, నాలుగో రోజు ఒక వాగు పక్కన వదిలేశామని చెప్పాడు. “రాయి ఇచ్చీ. సముద్రంలో ఒగ్గాల. ఆడు అక్కడ వాగు కాడే కూకుండిపోనాడు.”

“ఏ రాయి?” అన్నాను.

“తెల్నట్టు అడక్కు.”

“అది ఇప్పుడు ప్రభుత్వ కట్టడం. మెట్టు పగలగొట్టే అధికారం నాకు లేదు.”

“కట్టినోల్లం మేమే గదా? నాను మోసిన సున్నమే గదా? ఒక్క పూట. రాయి తీసి, మేస్త్రీని ఎట్టి మళ్ళీ నున్నగా ఏయించీస్తాను. నీకు మాట రాదు.”

నిజానికి అదెంత పని? ఒక గునపం, ఒక పూట. పైవాళ్ళు కారణం అడుగుతారు. కారణం రాస్తే విచారణ కాగితాలు బయటికి వస్తాయి. అందులో ముప్పై గడులు, ముప్పై చోట్ల నా ముత్యాల దస్తూరీ. “అర్జీ పెట్టుకో, చూద్దాం” అన్నాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు అని రాస్తే బాగుంటుంది. పట్టింది. పొద్దున్న లేచేసరికి నాకొక తెలివైన ఆలోచన కూడా వచ్చింది. బీరువాలోంచి ఒక చిల్లురాయి తీసి, కాగితంలో చుట్టి ఉంచాను. ముసలిది, ఏ రాయైతే ఏం, సముద్రంలో వేసుకొని ఊరుకుంటుంది అనుకున్నాను. ఆవిడ వచ్చాక ఎవరూ చూడకుండా చేతికి ఇవ్వబోయాను.

“కింద ఎట్టు.”

కింద పెట్టాను. కాగితం విప్పింది. బొటనవేలు చిల్లు చుట్టూ తిప్పింది. ఆవిడ మొహంలో కోపం వస్తుందనుకున్నాను. రాలేదు. కుళ్ళిన చేప వాసన తగిలినట్టు ముక్కు ముడుచుకుంది, అంతే.

“ఇది మా వీదిలో పార్వతి కొడుకు రాయి. ఆడి కబురింకా రానేదు. ఆడి అమ్మ ఎదురు సూస్తన్నాది. బతికున్నోడేమో ఆడు! ఆడి రాయి నీళ్ళల్లో ఇసిరీమంటావేటి మేస్టరుబాబూ?”

ఆవిడ రాయిని మళ్ళీ కాగితంలో చుట్టి, నా ముందు కింద పెట్టి, అడుగు వెనక్కి వేసింది. “ఏడ తీసేవో అక్కడే ఎట్టీ.”

వెళ్ళిపోతుందనుకున్నాను. వెళ్ళలేదు. కొంగు నెత్తి మీదికి లాక్కుంది. పెళ్ళిపీటల మీద కూర్చున్నట్టు తల వంచుకొని, చాలా మెల్లగా, తన భర్త పేరు చెప్పింది. రెండోసారి కొంచెం గట్టిగా చెప్పింది. ఆ పేరు ఆవిడ నోటికి అలవాటు లేదు. కొత్త భాషలో మాటలా పలికింది.

“ఆ రోజు అడిగినారు గదా. ఇప్పుడు సెప్పీసినాను. రాసుకో.”

నా జేబులో కలం ఉంది. బల్ల మీద రిజిస్టరు తెరిచే ఉంది. నేను కలం తీయలేదు. “ఇప్పుడు రాసి ఏం లాభం?” అన్నాను. ఇంత నీచమైన మాట నేను జన్మలో ఇంకెప్పుడూ అనలేదు.

ఆవిడ నా వైపు చూసింది. ఉప్పు కొలిచి పెట్టి మన మొహం చూసే చూపే అది.

“కింద ఎట్టీసినాను బాబూ” అంది. “తీసుకుంటే తీసుకో. మానితే మాను.”

ఆ వచ్చిన అమావాస్య నుంచి చెంబుతో నీళ్ళు తెచ్చి మూడో మెట్టు ఎడమ కొస మీద వదలడం మొదలుపెట్టింది. అందులో నల్ల నువ్వులుండేవి. నీళ్ళు ఇవ్వవలసిన కొడుకు లేడు, తనే ఇచ్చింది. రాయి సముద్రానికి వెళ్ళకపోతే నీళ్ళే రాయి దగ్గరకు రావాలనుకుందో ఏమో, నేను అడగలేదు. మెట్ల మీద నువ్వులకు చీమలు చేరుతున్నాయని కాపలావాడు ఫిర్యాదు చేశాడు. తనిఖీకి వచ్చిన అధికారి ఎవరావిడ అని అడిగాడు. “మ్యూజియం అంటే భక్తి. మెట్లు కడుగుతుంది” అన్నాను. ఆయన ముచ్చటపడి రాసి పంపమన్నాడు. రాసి పంపాను. నువ్వులు వేసి మెట్లు కడిగేవాళ్ళు లోకంలో ఎక్కడైనా ఉంటారా అని ఆయన అడగలేదు. ఆయన వెళ్ళాక ఆ నువ్వులు ఊడ్చింది నేనే.

ఆ తరువాత ఇన్నేళ్ళలో ఆవిడ నాతో ఒక్క మాట మాట్లాడలేదు. మా వీధిలో ఉప్పు అమ్ముతూనే ఉంది. మా గుమ్మం ముందు మాత్రం చిప్ప చప్పుడు ఆగిపోయింది. ఉప్పుమావుసి మనింటికి ఎందుకు రావడం లేదని మా ఇంటావిడ అడిగితే తెలియదన్నాను. ఆ మాట రాయడమే కాదు, అనడం కూడా నాకు బాగా అలవాటైపోయింది.

ఇప్పుడు ఇదంతా ఎందుకంటే, సంచిక చివరి పేజీలో ఇంకొక సంగతి వేశారు. వచ్చే నెలలో పాత మెట్లు తీసేసి కొత్తగా మొజాయిక్ మెట్లు కడతారట. తీసిన రాళ్ళూ రప్పలూ లారీలో తోలి పల్లపు నేల పూడుస్తారట.

మెట్లు పగలగొట్టే మేస్త్రీ ఎవరో నాకు తెలియదు. ఆయనకు గాని, ఆయన దగ్గరున్న వాళ్ళకు గాని ఎవరైనా ఇది చదివి వినిపించండి. నేనూ అక్కడే నిలబడి ఉంటాను. కానీ ఇలాంటి వాటిలో నా మాట నమ్మకండి, ఈ అచ్చు కాగితం పట్టుకొని సరిచూసుకోండి. కింది నుంచి మూడో మెట్టు. మన ఎడమ చేతి కొస. గచ్చు కింద విరిగిన పొత్రం సగం ఉంటుంది. నున్నటి మొహం పైకి, గరుకు పక్క కిందకు. అంకులిలో ఆవిడ చెల్లెలి కూతురు ఉంది. ఆమెకు కబురు చేశాను. సోనేపూర్‌లో సముద్రం దగ్గరకు తనే తీసుకెళ్తానంది. రాయి ఆమె చేతికి ఇవ్వకండి. కింద పెట్టి చెయ్యి తీసెయ్యండి. ఆమె తీసుకుంటుంది.

విచారణ కాగితం బీరువా అడుగున ఇంకా ఉంది. ఈ పూట బయటికి తీశాను. రాయి గుర్తు: విరిగిన పొత్రం. తెచ్చినవారికి ఏమవుతారు: భర్త. ఎవరి పేరున పెట్టారు అన్న గడిలో ‘తెలియదు’ అని నా ముత్యాల్లాంటి అక్షరాలున్నాయి. వాటిని కొట్టేసి, పక్కన రాశాను.

కూర్మయ్య.